జేబులో వచ్చిన నెత్తురు

పోయిన వారం ప్రణతిని సదాశివరావు గది తలుపు బయట వదిలిపెట్టాం. ఆమె చేతిలో మూత వేసిన చిన్న ప్లాస్టిక్ ప్లేటు ఉంది. లోపల ఆమె గైడు అయిన ఆయన, ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యమని కమిటీకి రాస్తున్నాడు.

కాన్సరు రోగుల నెత్తురులో కాపలా కాసే కణాలు ఎందుకు మొద్దుబారిపోతాయో కనుక్కోవడం ప్రణతి పని. రోగి నెత్తురు పక్కన ఆరోగ్యంగా ఉన్న మనిషి నెత్తురు పెట్టి పోల్చాలి. ఆ ట్యూబు మీద ‘ఎన్’ అని రాస్తారు. నార్మల్ అని. మనిషి మారితే పోలిక చెడుతుంది కాబట్టి ల్యాబు పెట్టిన నాటి నుంచీ ఎన్ ట్యూబు సదాశివరావుదే. పొద్దున్నే ఇంట్లో తీసుకుని, చల్లబడకుండా చొక్కా జేబులో వేసుకుని స్కూటరు మీద తెస్తాడు. చలికాలం నుంచి ఆ ఎన్ కణాలు కూడా రోగుల కణాల్లాగే పడి ఉంటున్నాయి. చేసిన ప్రయోగాలన్నీ పనికిరాకుండా పోయాయి. తప్పు నీ చేతిదే అన్నాడాయన. ఆమె కాదని తేల్చుకుంది. తేలిన సంగతి ఆయన మొహం మీద ఎట్లా చెప్పాలన్నదే ఇప్పుడు తేలడం లేదు.

తలుపు మీద చెయ్యి వేసింది. తీసింది. వరండా చివరిదాకా నడిచి మళ్ళీ వచ్చింది.

కరెంటు లేదు. జనరేటరు ఫ్రీజర్లకే సరిపోతుంది, మనుషులకు రాదు. కిటికీలకు కట్టిన వట్టివేళ్ళ తడకలు ఎండి గడ్డిలాగా గరగరమంటున్నాయి. బయట వడగాలికి వేపచెట్టు ఒకే వైపుకు వంగి ఉంది.

టీ గ్లాసు పట్టుకుని బిష్ట్ వచ్చాడు. ల్యాబు టెక్నీషియను. గఢ్వాల్ కొండల మనిషి. సదాశివరావు దగ్గర ఇన్నేళ్ళు పనిచేసి నాలుగు తెలుగు ముక్కలు పట్టాడు.

“పోండి మేడమ్‌జీ, లోపలికి పోండి. సాబ్ రెండుసార్లు పూఛా, అడిగారు. భయం నై.”

“భయం కాదు బిష్ట్‌జీ.”

“ఫిర్? మరేంటి?”

అతను మోచేత్తో తలుపు తోసి, ఆమె లోపలికి వెళ్ళేదాకా పట్టుకుని నిలబడ్డాడు. టీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

సదాశివరావు తడిరుమాలు మెడకు చుట్టుకుని కూచున్నాడు. నిబ్బరమైన మనిషి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఢిల్లీలో జుట్టు నెరిసినవాడు. చొక్కా జేబు ఒక పక్క నిలువుగా సాగి ఉంది. ఏళ్ళ తరబడి ట్యూబు మోసిన జేబు అది.

“నిలబడే మాట్లాడతావా ఏమ్మా?”

“కూర్చుంట సార్.” కూర్చోలేదు.

“రాసేశాను. సంతకమే తరవాయి. నీ మీద నాకేం కోపం లేదు. కొందరి చేతికి కూర కుదరదు, కొందరి చేతికి కణాల కల్చర్ కుదరదు. ఇందులో చిన్నతనం లేదు. మీ వైపు కాలేజీల్లో లెక్చరరు పోస్టులుంటాయి.”

“మా అమ్మ గూడ అదే అంటది సార్. ముందుగాల ఇది చూడుండ్రి.”

“కంగారు పడితే నీ భాష జగిత్యాల బస్సెక్కేస్తుందమ్మాయ్.”

“భాష పోయినా ప్లేటు ఈడనే ఉంది సార్.”

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఆమె కాగితాలు పక్కకు జరిపి ప్లేటు పెట్టి మూత తీసింది.

ప్లేటు నిండా వరసలుగా చిన్న గుంటలు. ఒక్కో గుంటలో వేలికొన తడిసేంత నీరు. కొన్ని వరసలు ముదురు ఊదా. కొన్ని వరసలు గడ్డి రంగు. ఒక చాలు మొలిచి పక్క చాలు మొలవని నారుమడిలా ఉంది.

దాన్ని చదవడం కష్టమేమీ కాదు. రాజ్మా గింజలోంచి తీసే ఒక పదార్థం ఉంది. ఢిల్లీలో ఇంటింటా అన్నంలోకి వండుకునే రాజ్మాయే. ఆ పదార్థం తగిలితే నెత్తురులోని కాపలా కణాలు శత్రువు వచ్చాడనుకుని లేస్తాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అప్పుడు ఒక పసుపు రంగు మందు వేస్తే, బతికి పెరిగిన కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి. లేవని కణాల గుంట పసుపుగానే ఉండిపోతుంది.

“మొదటి వరస బిష్ట్‌జీది. రెండోది నాది. మూడోది ఎన్.”

మొదటి రెండూ ఊదా. మూడోది గడ్డి రంగు.

“నాకు కళ్ళున్నాయి.”

“మూడు గూడ నేనే చేసిన. ఒకటే పూట, ఒకటే చెయ్యి. నా చెయ్యి మంచిది గాకుంటే మూడూ పోవాలె గద సార్.”

ఆయన టీ గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు, తాగలేదు.

“స్కూటరు మీద తెస్తాను. ట్యూబు కుదిలి ఉంటుంది. ప్లేట్‌లెట్లు పగిలితే ఏం బయటికొస్తుందో నీకు తెలుసు.”

“టీజీఎఫ్ బీటా. అది గూడ అనుకున్న సార్. అందుకే బిష్ట్‌జీ బ్లడ్ తీసి ఆయన జేబులనే పెట్టి, సైకిల్ మీద మునిర్కా పోయి రమ్మన్న. స్పీడ్ బ్రేకర్లున్న తొవ్వలకెళ్ళి పొమ్మన్న. ఈ మొదటి వరస ఆ ట్యూబే.”

“బిష్ట్ ఒప్పుకున్నాడా?”

“నవ్విండు. ‘ఖూన్‌కో ఘుమానే లే జా రహా హూఁ’ అన్నడు. షికారుకు తీస్కపోతున్న అని.”

ఆయన పెదవి చివర కదిలింది. తరవాత కుర్చీ ముందుకు లాక్కున్నాడు. రద్దు కాగితం ఆయన మోచేతి కింద నలిగింది. ఆయన చూసుకోలేదు. ప్లేటు చూస్తున్నాడు.

కొత్తగా చేరిన విద్యార్థులకు మొదటి రోజు ఆయనే పాఠం చెబుతాడు. కణాలకు నోళ్ళు లేవు, కబురు పంపుకోవాలంటే ఒక అణువును వదులుతాయి, అది పోయి అవతలి కణం గడపకు తగులుకుంటుంది, అవే సైటోకైన్లు అని. కొన్ని కబుర్లు లెమ్మంటాయి. కొన్ని చాలించమంటాయి. టీజీఎఫ్ బీటా చాలించమనే కబురు. ఒంటికి దెబ్బ తగిలి మానుతున్నప్పుడు అది కావాలి, లేకపోతే కాపలా వాళ్ళే ఇల్లు తగలబెడతారు. కాన్సరు కంతి చేసే మోసమల్లా, ఆ కబురునే తన చుట్టూ వెదజల్లడం. కాపలా వచ్చి చూస్తుంది. ఇక్కడేం లేదు, పడుకో అని వినిపిస్తుంది. పడుకుంటుంది. ఆ పాఠం విని ప్రణతి ఈ పనిలోకి వచ్చింది.

“నాలుగో వరస ఏమిటి?” ఆయన గొంతు మారింది. అది పని అడిగే గొంతు.

“బిష్ట్‌జీ కణాలు. ఎన్ ప్లాస్మాలో పెట్టిన.”

ప్లాస్మా అంటే కణాలు తీసేశాక నెత్తురులో మిగిలే నీరు. ఊదాగా మెరవాల్సిన బిష్ట్ కణాలు అందులో పసుపుగా పడి ఉన్నాయి.

“ఐదు?”

“ఎన్ కణాలు. కడిగి బిష్ట్‌జీ ప్లాస్మాలకు మార్చిన.”

ఊదా. ముదురు కాదు. కానీ ఊదా.

“కణాలు బాగానే ఉన్నాయన్నమాట.”

“కణాలు మంచిగనే ఉన్నయి సార్. వాటిని ఏదో నోరు మూయిస్తున్నది. ఆరో వరస చూడుండ్రి. ఎన్ కణాలు, ఎన్ ప్లాస్మాలనే. కాకపోతే టీజీఎఫ్ బీటాను పట్టేసే యాంటీబాడీ వేసిన.”

ఆరో వరస ఊదాగా ఉంది.

“యాంటీబాడీ ఎక్కడిది? నేను కొనుగోలు ఇండెంట్ మీద సంతకం పెట్టలేదే.”

“పక్క ల్యాబుల అడుక్కున్న.”

“ఎవర్నడిగావు?”

“సార్.” ఆమె బల్ల అంచు పట్టుకుంది. “మన రోగులల్ల చానా మందికి ఇదే వరస వస్తది. మీకు తెలుసు. మీరు ఒక్కసారి చూపించుకోవాలె. ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కానింగు, అన్ని. ఇది కాన్సరుకు టెస్టు గాదు, నాకు తెలుసు. టీబీ కావచ్చు, ఇంకోటి కావచ్చు. ఊకెనే మాత్రం గాదు. రద్దు మీద సంతకం పెడితే పెట్టుండ్రి. దవాఖానకు మాత్రం పోండ్రి.”

సదాశివరావు నవ్వాడు. చాన్నాళ్ళకు బిగ్గరగా నవ్వాడు.

“నాకా? నాకేమైందమ్మా, గుండ్రాయిలా ఉన్నాను. ఇది నా...”

మాట అక్కడ ఆగింది. నవ్వు మాత్రం కాసేపు మొహం మీద మిగిలి ఉంది, ఎక్కడికి పోవాలో తెలియనట్టు. తరవాత అదీ పోయింది. ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. జేబు ఖాళీగా ఉంది. దాన్నే పట్టుకున్నాడు.

“ఇది నా బ్లడ్ కాదు” అన్నాడు.

ప్రణతికి అర్థం కాలేదు.

“జనవరిలో షుగరు వచ్చింది. డిస్పెన్సరీలో బిళ్ళలు ఇచ్చారు. షుగరున్న మనిషి ఎన్ ఎలా అవుతాడు? మానెయ్యాల్సింది. అందరికీ చెప్పి ఎవరినన్నా పెట్టాల్సింది.” ఆయన ప్లేటుతోనే మాట్లాడుతున్నాడు. “బిష్ట్ నన్ను నార్మల్ సాబ్ అంటాడు. వెనకాల అంటాడనుకుంటాడు, నాకు వినబడుతుంది. బాగుండేది వినడానికి. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకటి రెండేళ్ళ తేడాలో ఒకే వయసు. ఏం మారుతుందిలే అనుకున్నాను.”

“ఎవరిది సార్?”

ఆయన చెప్పక్కర్లేకపోయింది.

“ఆంటీదా?”

గదిలో గాలి కదలడం లేదు. ప్రణతికి ముందు ఒంట్లోంచి కోపం వచ్చింది. భయం దాని వెనకాల వచ్చింది.

“మనిషి మారింది. మారిందని మీకు తెలుసు. నేను ఎన్ పడిపోయింది సార్ అని ఏడ్చుకుంట వస్తే చేతులు మంచిగ కడుక్కోమన్నరు. బిష్ట్‌జీ ముందు అన్నరు. ఇన్ని నెలలు నేను అన్నం ముందు కూచొని నా చేతులే చూసుకున్న.”

“మనిషి మారితే కొంచెం తేడా రావాలి. ఇంతలా చచ్చిపోకూడదు. అందుకని నీ చెయ్యేనని నమ్మాను.” కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “అలా నమ్మితే నాకు సుఖంగా ఉండేది.”

ఆయన లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. ఎత్తలేదు. స్కూటరు తాళం తీసుకున్నాడు. ఒకసారి దాన్ని చూసి మళ్ళీ బల్ల మీద పడేశాడు.

“నువ్వు కూడా రా. నేను ఒక్కణ్ణే పోతే ఎలా అడగాలో నాకు తెలీదు.”

రద్దు కాగితం బల్ల మీదే ఉంది. ప్రణతి చూసింది. దాని సంగతి అడగలేదు.

గేటు బయట ఆటో ఆపారు. “మీటర్ ఖరాబ్ హై సాబ్” అన్నాడు డ్రైవరు. ఆటో ఎక్కినప్పుడల్లా మీటరు మీద చెయ్యి చూపించి వాదించే సదాశివరావు, ఈ రోజు మారుమాట లేకుండా ఎక్కి కూచున్నాడు. డ్రైవరుకే అనుమానం వచ్చి వెనక్కి తిరిగి చూశాడు.

వడగాలి ఆటోలోంచి అడ్డంగా పోతోంది. బ్లూలైన్ బస్సు ఒకటి రాసుకుంటూ పోయింది. ప్లేటు ఇంకా తన చేతిలోనే ఉందని ప్రణతి అప్పుడు చూసుకుంది. మూత మీద అరచెయ్యి ఆనించి పట్టుకుంది.

సదాశివరావు మాట్లాడుతూనే ఉన్నాడు. యాంటీబాడీ ఎంత పలచన చేశావు? ప్లాస్మా ఎన్ని రోజులు ఫ్రీజరులో ఉంది? కరెంటు పోయినప్పుడు కరిగిందా? ఆమె ఒక్కోదానికీ జవాబు చెప్పింది. ఆయన వినడం లేదని తెలుసు. అడగడం ఆపితే ఇంకోటి ఆలోచించాలి, అందుకని అడుగుతున్నాడు.

“మొదట్లో ఆ కబురు కంతిని కూడా ఆపుతుంది, తెలుసుగా” అన్నాడు మోతీబాగ్ దగ్గర. “పెరగొద్దు అంటుంది. అప్పుడు వింటుంది కంతి. తరవాత్తరవాత వినడం మానేస్తుంది. తాను వినదు, కాపలాకి మాత్రం వినిపిస్తూ ఉంటుంది. ఏ దశలో ఎంత ఉంటుందన్నది ఇంకా ఎవరూ...”

“సార్.”

“ఊఁ.”

“వేరే ఏదన్నా గూడ కావచ్చు సార్.”

“కావచ్చు” అన్నాడు. ఆ తరవాత ఏమీ అడగలేదు.

ఆర్.కె. పురంలో సర్కారు క్వార్టర్లన్నీ ఒకే పసుపు, ఒకే మెట్లు. మొదటి అంతస్తు తలుపు కొట్టబోతుండగా పైనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. సదాశివరావు భార్య సీతారత్నం డాబా మీదినుంచి దిగుతోంది. పాత చీర మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టినట్టుంది, వేళ్ళకు పిండి అంటి ఉంది. ఖాళీ గిన్నె ఎడమ చేతిలో ఉంది. కుడి చెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకుని దిగుతోంది. తాళం తియ్యడానికి గిన్నె మెట్టు మీద పెట్టి, మళ్ళీ ఎడమ చేతినే వాడింది. ప్రణతి అది చూసింది. ఇంతకు ముందు ఈ ఇంట్లో పండగకూ పబ్బానికీ భోంచేసింది. అప్పుడు వడ్డించిన చెయ్యి ఏదో గుర్తుతెచ్చుకోబోయింది. కుడిచెయ్యే.

“ఈ ఎండలో వచ్చారేవిటండీ? షుగరు పడిపోయిందా? రామ్మా ప్రణతీ, ఇదుగో, ఈ అమ్మాయిని కూడా మాడ్చి తీసుకొచ్చారు. మజ్జిగ ఇస్తానుండు.”

“మజ్జిగ వద్దు” అన్నాడు సదాశివరావు.

“మీకు కాదు.”

కూలరు ఆగిపోయి ఉంది. ఆయన కూచుని లేచాడు. కిటికీ తెర తీసి మళ్ళీ వేశాడు. కరెంటు లేదని తెలిసీ ఫ్యాను స్విచ్చి నొక్కాడు.

“రత్నం. నీ ఒంట్లో ఎలా ఉంటోంది?”

ఆమె మజ్జిగ గ్లాసుతో ఆగి ఆయన మొహం చూసింది. తరవాత ప్రణతితో అంది.

“చూశావామ్మా. పెళ్ళయి ఇన్నాళ్ళకి అడిగారు మీ సారు. నువ్వు పక్కనుంటే మర్యాద నేర్చుకుంటున్నారు.”

ఎవరూ నవ్వలేదు. ఆమె గ్లాసు ప్రణతికి ఇవ్వబోయి చేతిలో ప్లేటు చూసింది.

“ఇందులోనేనా నా రక్తం పోసేది?”

“ఇందులనే ఆంటీ.”

“ఏది నాది?”

ప్రణతి మూడో వరస చూపించింది. సీతారత్నం వంగి చూసింది. పక్క వరసలు చూసింది. మళ్ళీ తన వరస చూసింది.

“ఈ రంగు మంచిదా?”

కింద ఎవరో పిల్లలు హిందీలో పోట్లాడుకుంటున్నారు. బంతి గోడకు తగిలిన చప్పుడు రెండుసార్లు వచ్చింది. సీతారత్నం ఇద్దరి మొహాలూ చూసి, మజ్జిగ గ్లాసు తనే బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూచుంది.

“అయితే కనిపించిందన్నమాట” అంది.

“ఏమిటి కనిపించింది?” అన్నాడు సదాశివరావు.

“దీపావళి ముందు. స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. కందిగింజంత. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి ఆసుపత్రిలో పడి ఎవడో కుర్రడాక్టరు ముందు జాకెట్టు విప్పడం ఏవిటని ఊరుకున్నాను. మీతో చెబుదామనుకునేసరికి మీకు షుగరు వచ్చింది. మీరు మంచం మీద కూచుని, రేపటినుంచి ఎవరి రక్తం పట్టుకెళ్ళాలా అని మథనపడుతుంటే నేనే అన్నాను. నాది తీసుకోండి అని. గుర్తుందా?”

“ఉంది.”

“నా మీద జాలితో... కాదు, మీ మీద జాలితో అన్నాననుకున్నారు. కొంత అదీ ఉందనుకోండి. కానీ అసలు నేను అనుకున్నది వేరు. పొద్దస్తమానం కాన్సరు మనుషుల రక్తమేగా మీరు చూసేది. మీకంటే ఎవరికి తెలుస్తుంది? నాలో అదే ఉంటే అక్కడ బయటపడుతుంది, లేకపోతే లేనట్టే. ఎవరి ముందూ విప్పక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. మీరు సూది గుచ్చినప్పుడల్లా, ఇవాళ తెలుస్తుంది అనుకునేదాన్ని. సాయంత్రం మీరు వచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం తినేవారు. ఏమీ అనేవారు కాదు. ఏమీ అనలేదంటే ఏమీ లేదనేగా. నిశ్చింతగా పడుకునేదాన్ని.”

“అనేవాణ్ణి రత్నం.” ఆయన గోడకు ఆనుకున్నాడు. “రోజూ అనేవాణ్ణి. ఆ పిల్ల చెయ్యి మంచిది కాదు, ఎన్ పాడు చేస్తోంది అని.”

“అది నా సంగతేనని నాకేం తెలుసండీ.”

ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. సదాశివరావు నేల మీద కూచుండిపోయాడు. ప్రణతి ల్యాబులో చేరిన దగ్గర్నుంచి ఆయన్ని కుర్చీలోనో నిలబడో చూసింది. నేల మీద చూడలేదు. ఆయన మీద మిగిలిన కోపాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు.

“ఇప్పుడు ఎంత ఉంది?” అన్నాడాయన.

“పెరిగింది.” సీతారత్నం లేచింది. “ప్రణతీ, నువ్వు లోపలికి రా. మీరు ఇక్కడే ఉండండి.”

“నేను డాక్టర్ని గాదాంటీ.”

“తెలుసు. ఆడపిల్లవి. ముందు నువ్వు చూసి చెప్పు, తరవాత ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. ఆయన చెయ్యి చూడు, ఎలా ఊగుతోందో.”

పడగ్గదిలో తెర వేసి ఉంది. మడిచిన దుప్పట్ల వాసన, మామిడిపళ్ళ వాసన. మంచం కింద కాగితాల మీద పళ్ళు పరిచి ఉన్నాయి. సీతారత్నం తలుపు గడియ పెట్టింది. పిండి అంటిన వేళ్ళు చీరకు తుడుచుకుని, ప్రణతి చెయ్యి పట్టుకుని పైట లోపలికి తీసుకెళ్ళి చోటు చూపించింది.

కందిగింజ కాదు. రేగుపండంత ఉంది. ప్రణతి వేలితో నెమ్మదిగా పక్కకు నెట్టి చూసింది. కదల్లేదు. పాతేసిన రాయిలా ఉంది.

“ఇదొక్కటే” అంది సీతారత్నం. “రోజూ చూసుకుంటాను. ఇంకెక్కడా లేదు.”

ఆ మాట కొంచెం త్వరగా వచ్చింది. ప్రణతి చెయ్యి వెనక్కి తియ్యలేదు. మెట్ల మీద చూసిన ఆ కుడి చెయ్యి గుర్తొచ్చి, వేళ్ళను చంక వైపు జరిపింది.

సీతారత్నం ఆమె మణికట్టు పట్టుకుంది. కానీ అప్పటికే వేళ్ళకు తగిలింది. చంకలో చింతగింజల్లా, ఒకటి. దాని కింద ఇంకొకటి. రొమ్ములోది చంక దాకా పాకినట్టుంది.

ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. సీతారత్నం మొహంలో ఆశ్చర్యం లేదు.

“మీకు తెలుసు” అంది ప్రణతి.

“మెల్లగా మాట్లాడు.”

బయట అడుగుల చప్పుడు. ఆయన లేచినట్టున్నాడు. తలుపు దాకా వచ్చి ఆగాడు.

“ఏమ్మా?” అన్నాడు. “ప్రణతీ. ఏమ్మా?”

సీతారత్నం ఆమె చెవికి దగ్గరగా వంగింది. పిండి వాసన, చెమట వాసన వచ్చింది.

“ఒకటే ఉందని చెప్పు. చిన్నదని చెప్పు. అది విని ఆసుపత్రికి బయలుదేరతారు. ఇవీ ఉన్నాయంటే ఆయన ఆ నేల మీదినుంచి మళ్ళీ లేవరు. నేను మోసుకుపోవాల్సి వస్తుంది. నాకిప్పుడు ఆ ఓపిక లేదమ్మా.”

“ఆంటీ, అది చెప్పకుంటే...”

“ఒక్క రోజు. రేపు డాక్టరే చెబుతాడు. నీ కాగితం సంగతి ఆయన చెప్పారు, అది నేను చూసుకుంటాను. ఆయన చేత చింపిస్తాను.”

ప్రణతి ఆమె మొహం చూసింది. బేరం ఆడుతున్న మొహం కాదు. భయపడుతున్న మొహం.

ఆయన తలుపు మీద తట్టాడు. ఈసారి పిలవలేదు.

ప్రణతి గడియ తీసింది.

సదాశివరావు గుమ్మంలోనే ఉన్నాడు. భార్య వైపు చూడలేదు. తిన్నగా ప్రణతి చేతుల వైపు చూశాడు. ఇన్ని నెలలూ తను నమ్మని చేతులు అవి.

“చెప్పమ్మా” అన్నాడు. “నువ్వు ఏం చెబితే అదే నమ్ముతాను.”